సాళువ నరసింహుడు ద్రోహా, రక్షకుడా? 1485లో విజయనగరం గద్దె ఎలా చేతులు మారింది

విజయవాడలో గ్రూప్స్‌కి ప్రిపేర్ అవుతున్న ఒకరు అడిగిన ప్రశ్నకు జవాబు ఇది. ప్రశ్న క్లుప్తంగా: "సంగమ వంశం కూలిపోతున్నప్పుడు సేనాని సాళువ నరసింహుడు విజయనగరం గద్దె ఎక్కాడు. ఒక పుస్తకం ఆక్రమణ అంటోంది, ఇంకొకటి రాజ్యాన్ని కాపాడాడు అంటోంది. మెయిన్స్‌లో ఏది రాయాలి? నూట యాభై ఏళ్ళ వంశం పోతుంటే ఎవరూ ఎందుకు అడ్డుపడలేదు? ఆయన అంత సమర్థుడైతే ఇరవై ఏళ్ళకే ఆయన వంశం కూడా ఎందుకు పోయింది?"

ముందు సూటిగా చెప్పేస్తాను. అది ఆక్రమణే. పట్టాభిషేకం జరిగిన రాజు బతికుండగా సైన్యాన్ని పంపి కోట పట్టుకోవడానికి ఇంకో పేరు లేదు. రాజ్యం ముక్కలు కాకుండా నిలిచింది కూడా ఆ ఆక్రమణ వల్లే. రెండూ రాయండి, ఒకటి రాశామని రెండోది కొట్టెయ్యక్కర్లేదు. ఎవరూ అడ్డుపడకపోవడానికి కారణం, 1485 నాటికి అడ్డుపడగలిగిన వాళ్ళందరూ ఆయన వైపే ఉండటం. ఇక మూడో ప్రశ్న. తాను ఎక్కిన మెట్లే ఇంకో సేనాని ఎక్కకుండా ఆయన ఏ ఏర్పాటూ చేయలేకపోయాడు. నన్నడిగితే ఈ మూడోదే అసలు చదవాల్సిన ప్రశ్న. కోచింగ్ మెటీరియల్‌లో దీనికి రెండు లైన్లు కూడా ఉండవు.

నేను గుంటూరులో ముప్పై ఏళ్ళకు పైగా ఇంటర్, డిగ్రీ పిల్లలకు చరిత్ర చెప్పాను. మొదటి పదేళ్ళు ఈ ఘట్టాన్ని మూడు ముక్కల్లో దాటేసేవాణ్ణి: సంగమ రాజు విరూపాక్షుడు అసమర్థుడు, కన్నకొడుకే చంపాడు, నరసింహుడు వచ్చాడు. ఒకసారి క్లాసులో ఒక కుర్రాడు లేచి, "మాస్టారూ, నరసింహుడి వెనక వచ్చిన సైనికులకు డబ్బులు ఎవరిచ్చేవాళ్ళు? రాజా, ఆయనా?" అని అడిగాడు. ఆ అబ్బాయి వాళ్ళ నాన్న మిరపకోతలకు కూలీల ముఠాని తీసుకెళ్ళే మేస్త్రీ. కూలి ఎవరి చేతి మీదుగా అందితే జనం వాళ్ళ మాటే వింటారని ఆ పిల్లవాడికి ఇంట్లోనే తెలుసు. ఆ రోజు నుంచి నేను ఈ పాఠాన్ని ఆ ప్రశ్నతోనే మొదలుపెట్టాను. మీరూ అక్కడి నుంచే మొదలుపెట్టండి.

విజయనగర రాజు సైన్యంలో ఎక్కువ భాగానికి తన బొక్కసం నుంచి జీతం ఇచ్చేవాడు కాదు. నాయకుడికి ఒక ప్రాంతం అప్పగిస్తాడు. దాన్నే అమరం అన్నారు. ఆ ఊళ్ళ మీద వచ్చే శిస్తులో కొంత రాజుకు కట్టి, మిగతా దానితో ఇన్ని గుర్రాలు, ఇంతమంది కాల్బలం అని నాయకుడు సైన్యాన్ని పోషించాలి. పిలిచినప్పుడు తీసుకురావాలి. రాజధానిలో రాజు గట్టివాడైతే ఇది చక్కగా నడుస్తుంది. రెండో దేవరాయలు ఉన్నంతకాలం నడిచింది. ఆయన 1446లో పోయాడు. తరవాత వచ్చిన మల్లికార్జునుడు గానీ, 1465లో మల్లికార్జునుడి సంతానాన్ని పక్కకు నెట్టి గద్దె ఎక్కిన దాయాది రెండో విరూపాక్షుడు గానీ ఆ పట్టు నిలుపుకోలేదు. ఇక్కడ ఒక సంగతి గమనించండి. నరసింహుడు ఎవరి వంశాన్ని తోసేశాడని మనం అంటున్నామో ఆ విరూపాక్షుడు కూడా వరసగా గద్దెకు వచ్చినవాడు కాడు. వారసత్వం అనే కట్టు అప్పటికే వదులైపోయింది.

నరసింహుడి సొంత బలం చంద్రగిరి. 1450ల నడుమకే అక్కడ ఆయన పెత్తనం కనిపిస్తుంది. అంటే గద్దె ఎక్కడానికి ముందే దాదాపు ముప్పై ఏళ్ళు ఆయన చేతిలో భూమి ఉంది, శిస్తు ఉంది, ఆయన కూడు తిన్న సైన్యం ఉంది. పైగా ఆ ముప్పై ఏళ్ళూ ఊరికే గడవలేదు. కటకం నుంచి ఒరిస్సా రాజు కపిలేంద్ర గజపతి దండెత్తి రాజమహేంద్రవరం దాటి, 1454లో మన కొండవీడు పట్టుకుని, 1460లలో తన సేనల్ని కావేరి దాకా నడిపించాడు. ఆ దండు తొక్కుకుంటూ పోయిన దారిలో ఉన్న ఊళ్ళ వాళ్ళకు రాజు ఎవరు? హంపీలో కూర్చున్న విరూపాక్షుడా, కపిలేంద్రుడు పోయాక ఉదయగిరి తిరిగి పట్టుకుని ఉత్తరం వైపు నిలబడ్డ నరసింహుడా? 1481లో బహమనీ సుల్తాను మూడో మహమ్మద్ షా సైన్యం కంచి దాకా వెళ్ళి దోచుకుని తిరిగొస్తుంటే, కందుకూరు దగ్గర అడ్డంపడి ఆ దోపిడీ సొమ్ము లాక్కున్నది నరసింహుడి సేనాని తుళువ ఈశ్వర నాయకుడు. ఈ ఈశ్వర నాయకుడి పేరు గుర్తుపెట్టుకోండి. కథ చివరికి మళ్ళీ ఈ ఇంటి దగ్గరికే రావాలి.

మీరు విజయవాడలో ఉన్నారు కాబట్టి ఇంకో మాట. ఒక ఆదివారం కొండపల్లి ఖిల్లా ఎక్కి రండి. నరసింహుడి కథకు ఎదురుబొదురుగా పెట్టి చదవాల్సిన కథ అక్కడ జరిగింది. బహమనీ రాజ్యాన్ని తన భుజాల మీద మోసిన మంత్రి, సేనాని మహమూద్ గవాన్. గోవాను విజయనగరం చేతి నుంచి లాక్కున్నది ఆయనే. సుల్తాను కొండపల్లిలో విడిది చేసి ఉండగా, గవాన్ అంటే గిట్టనివాళ్ళు ఆయన ముద్ర సంపాదించి, ఒరిస్సా గజపతిని దండెత్తి రమ్మని ఆయన రాసినట్టు ఒక దొంగ ఉత్తరం పుట్టించారు. తాగి ఉన్న సుల్తాను ఆ ముసలాయన్ని పిలిపించి, విచారణ అన్నది లేకుండా తల తీయించాడు. అది 1481 ఏప్రిల్. తరవాతి ఏడాదే సుల్తాను పోయాడు. పదేళ్ళు తిరక్కుండానే బీజాపూర్, అహ్మద్‌నగర్ ఎవరి దారి వాళ్ళు చూసుకున్నారు. బీదర్‌లో బరీద్‌లు సుల్తానుల్ని బొమ్మల్లా కూర్చోబెట్టి తామే ఏలారు. గద్దె కావాలని ఎన్నడూ అడగని సేనానిని చంపుకున్న రాజ్యం అలా చెదిరిపోయింది. నాలుగేళ్ళకు గద్దె లాక్కున్న సేనాని చేతిలో పడ్డ విజయనగరం ఇంకో ఎనభై ఏళ్ళు దక్షిణాదిని ఏలింది. దీనర్థం లాక్కోవడం మంచిదని కాదు. రాజు కుర్చీకి, రాజ్యం నడిపే చేతికి మధ్య దూరం పెరిగిపోయాక ఏదో ఒకటి తెగాల్సిందే. ఒకచోట చెయ్యి తెగింది, ఇంకోచోట కుర్చీ చేతులు మారింది. క్లాసులో నేను ఈ రెండు తేదీలు, 1481, 1485, బోర్డు మీద పక్కపక్కన రాసి వదిలేసేవాణ్ణి.

ఇప్పుడు 1485కి వద్దాం. మనకు దొరికే వివరమైన కథనం ఫెర్నావో నూనిజ్‌ది. గుర్రాల వ్యాపారం మీద విజయనగరానికి వచ్చిన పోర్చుగీసువాడు, 1535 ప్రాంతంలో అక్కడ ఉన్నాడు. ఆయన చెప్పేది ఇదీ. విరూపాక్షుణ్ణి పెద్దకొడుకు చంపాడు. చంపాక, తండ్రిని చంపిన చేత్తో గద్దె ఎక్కనని తమ్ముడికి అప్పగించాడు. ఆ తమ్ముడు, మనం ప్రౌఢరాయలు అంటున్నాయన, అన్నని చంపించి తండ్రి దారిలోనే పడ్డాడు. అప్పుడు నరసింహుడు రాజ్యంలోని నాయకులందరికీ ఉత్తరాలు రాశాడు. రాజు తీరు ఇలా ఉంది, రాజ్యం పోతోంది, మీరేమంటారు అని. ఉత్తరాలతోపాటు కానుకలు కూడా వెళ్ళాయి. నాయకులు ఒప్పుకున్నారు. ఆ తరవాతే సైన్యం కదిలింది.

సైన్యంతో వచ్చిన సేనాని ఊరి వాకిలి దగ్గర చూస్తే కాపలా లేదు. రాజుకు కబురు వెళ్ళింది. "అలా జరగదు" అన్నాడట. సేనాని నగరు, అంటే రాజభవనం, దాకా వచ్చాడు, అక్కడా అడ్డుకునేవాడు లేడు. మళ్ళీ కబురు. మళ్ళీ అదే మాట. చివరికి అంతఃపురంలోకి దూరి, ఎదురొచ్చిన ఆడవాళ్ళలో కొందర్ని నరికి, రాజు ఉన్న గది తలుపు దాకా వచ్చాక గానీ ఆయనకు నమ్మకం కుదరలేదు. అవతలి వైపు ద్వారం గుండా పారిపోయాడు. సేనాని ఆయన వెంట కూడా పడలేదు. ఊరూ, బొక్కసమూ స్వాధీనం చేసుకుని నరసింహుడికి కబురు పెట్టాడు.

ఈ ఘట్టం చదివినప్పుడల్లా నాకు ఆ కాపలా లేని వాకిలే కళ్ళ ముందు మెదులుతుంది. అంత పెద్ద నగరం, చుట్టూ ఒకదాని లోపల ఒకటి కోటగోడలు, ఒక్కడు కూడా తలుపు వేయలేదు. "ఎవరూ ఎందుకు అడ్డుపడలేదు" అన్న మీ ప్రశ్నకు జవాబు ఆ వాకిట్లోనే ఉంది. వాకిలి కాయాల్సిన వాడి జీతం రాజు దగ్గర్నుంచి సరిగా రావడం లేదో, రాజు ముఖమే వాడు చూసి ఎరగడో, తన పై నాయకుడికి అప్పటికే ఉత్తరం అందిందో, ఏదైనా కావచ్చు. చనిపోయిన ఆ అంతఃపుర స్త్రీలను మాత్రం మరిచిపోవద్దు. "రక్తపాతం లేని మార్పు" అని చాలామంది పిల్లలు రాస్తారు. కాదు. యుద్ధం జరగలేదంతే.

ఒక హెచ్చరిక. నూనిజ్ రాసింది ఈ సంఘటన జరిగిన యాభై ఏళ్ళకు. ఆయనకు ఈ కథ చెప్పింది గెలిచినవాళ్ళ కొలువులో బతికిన జనం. విరూపాక్షుడు తాగుబోతు, ఎవరికీ ముఖం చూపించేవాడు కాదు, తాతలు సంపాదించింది పోగొట్టాడు అన్నవన్నీ ఆ నోళ్ళ నుంచి వచ్చినవే. గద్దె దిగిపోయిన రాజుని గద్దె ఎక్కినవాళ్ళు ఎప్పుడూ ఇలాగే వర్ణిస్తారు. గోవా పోవడం, గజపతుల దండు కావేరి దాకా రావడం మాత్రం వేరే ఆధారాల్లోనూ కనిపించే నిజాలు. అందుకని సమాధానంలో రాజు వ్యసనాల గురించి పేజీ నింపకండి. పోయిన భూముల గురించి రాయండి.

గుర్రాల సంగతి చెప్పకపోతే నరసింహుడు అర్థం కాడు. ఆ కాలంలో యుద్ధం అంటే అరబ్బు గుర్రం. అది ఇక్కడ పుట్టదు, పుట్టినా బాగా ఎదగదు. ఓర్ముజ్, ఏడెన్ రేవుల నుంచి ఓడల్లో రావాలి. గోవా బహమనీల చేతిలోకి పోయాక ఆ దారి మూసుకుపోయింది. నరసింహుడు పడమటి రేవుల మీద మళ్ళీ పట్టు తెచ్చుకుని వర్తకులను పిలిచాడు. వెయ్యి పర్దావులకు (బంగారు నాణేలు) మూడు గుర్రాల చొప్పున, చచ్చినా బతికినా కొనేవాడట. దారిలో సముద్రం మీద గుర్రం చనిపోతే వర్తకుడు దాని తోక తెచ్చి చూపిస్తే చాలు, బతికున్న గుర్రానికి ఇచ్చినట్టే డబ్బు ఇచ్చేవాడని నూనిజ్ రాశాడు. నూనిజ్ స్వయంగా గుర్రాల వర్తకుడు కాబట్టి ఈ మాట మీద నాకు నమ్మకం ఎక్కువ. ఒక్కసారి ఆ వర్తకుడి వైపు నుంచి ఆలోచించండి. నష్టభయం మొత్తం రాజు నెత్తిన వేసుకున్నాడు. ఇక ఓడలు బహమనీ రేవుకు ఎందుకు వెళ్తాయి? సేనానిగా బతికినవాడికి గుర్రం విలువ తెలిసినంతగా అంతఃపురంలో పెరిగినవాడికి తెలియదు. "రక్షకుడు" అన్న మాటకు నాకు దొరికిన గట్టి సాక్ష్యం ఆ గుర్రం తోక.

రెండో సాక్ష్యం తిరుమల. చంద్రగిరి ఆ కొండ కిందే కాబట్టి స్వామికి ఆయన ఊళ్ళు రాసిచ్చాడు, మండపాలు కట్టించాడు. కందాడై రామానుజయ్యంగారి అజమాయిషీలో యాత్రికులకు అన్నం పెట్టే రామానుజకూటం నడిపించాడు. అన్నమయ్యను తన మీద పదం చెప్పమని అడిగి, ఆయన కాదంటే సంకెళ్ళు వేయించాడన్న కథ వల్ల తెలుగువాళ్ళకు నరసింహుడు విలన్‌గానే గుర్తు. ఆ కథ అన్నమయ్య మనవడు రాసిన చరిత్ర నుంచి వచ్చింది, శాసనాల నుంచి కాదు. మీరు భక్తులైనా కాకపోయినా పరీక్షలో ఆ తేడా పాటించండి. రాజకీయంగా చూస్తే, రక్తసంబంధం చూపించుకోలేని రాజుకు దేవుడి అండ కావాలి. కొండ మీద ఆయన పేరున సాగిన దానాలు గద్దెకు చాలా ముందే మొదలయ్యాయి కాబట్టి అవి అవసరానికి వేసిన వేషం అని కూడా అనలేను. భక్తీ ఉంది, దాని వల్ల లాభమూ కలిగింది.

ఈ దేవుడి అండ అన్నది ఆయన ఒక్కడి పద్ధతి కాదు. ఆయన బద్ధశత్రువు కపిలేంద్రుడూ అచ్చం ఇలాంటివాడే. తూర్పు గాంగుల కొలువులో పనిచేస్తూ, రాజు నాలుగో భానుదేవుడు దక్షిణాన దండయాత్రలో ఉండగా 1434లో గద్దె ఎక్కేశాడు. తనను రాజును చేసింది పూరీ జగన్నాథుడే అని చెప్పుకున్నాడు. ఆ మాట ఒక్కటే సరిపోదని ఆయనకు తెలుసు. ఉప్పు మీద, గవ్వల మీద పన్ను ఎత్తేసి ఆ సంగతి గుడిలో రాయిమీద చెక్కించాడు. ఉప్పు కొనని ఇల్లు ఉండదు కదా. కొత్త రాజు వచ్చాడన్న కబురు ప్రతి వంటింటికీ చేరే మార్గం అది. అంటే ఆ రోజుల్లో మన కృష్ణా, గుంటూరు నేల కోసం కొట్టుకున్న ఇద్దరిలో ఒకడు అప్పటికే గద్దె లాక్కున్న సేనాని, ఇంకొకడు లాక్కోబోతున్న సేనాని.

ఇంకా వెనక్కి వెళ్తే పుష్యమిత్ర శుంగుడు. దాదాపు క్రీ.పూ. 185లో, సైన్యాన్ని చూపిస్తానని పిలిచి చివరి మౌర్యుడు బృహద్రథుణ్ణి సేన ముందే చంపాడని బాణుడు చెబుతాడు. నాకు ఆసక్తిగా అనిపించేది వేరే. అయోధ్య శాసనంలో, రెండు అశ్వమేధాలు చేసినవాడిగా చెబుతూ కూడా, ఆయన్ని "సేనాపతి పుష్యమిత్రుడు" అనే పిలిచారు. నరసింహుడూ చాలాకాలం మహామండలేశ్వరుడు అన్న సామంత బిరుదుతోనే గడిపాడు. గద్దె మీద చెయ్యి పడ్డాక కూడా పాత పేరును పట్టుకుని ఉండటం ఇలాంటివాళ్ళలో కనిపించే లక్షణం. ప్రతిసారీ కలిసిరాదు కూడా. కల్యాణి చాళుక్యుల మీద తిరగబడి గద్దె ఎక్కిన కలచురి బిజ్జలుడి కథ, బసవేశ్వరుడి వల్ల మనకు బాగా తెలిసినదే. ఆయన తరవాత కొడుకులు ఒకరి వెంట ఒకరు వచ్చారు. 1184 నాటికల్లా చాళుక్యుడు నాలుగో సోమేశ్వరుడు తిరిగొచ్చి కల్యాణిలో కూర్చున్నాడు.

మీ మూడో ప్రశ్న. నరసింహుడు గద్దె మీద ఉన్నది ఆరేళ్ళే, 1485 నుంచి 1491. నలభై నాలుగేళ్ళు ఏలాడని నూనిజ్ అంటాడు. చంద్రగిరి రోజులు కలిపితే తప్ప ఆ లెక్క కుదరదు. జనం జ్ఞాపకంలో ఆయన చంద్రగిరిలో ఉన్నప్పుడే రాజు అన్నమాట. ఆయన తరవాత కూడా పోర్చుగీసులు విజయనగర రాజ్యాన్ని "నరసింగ" రాజ్యం అనే పిలిచారు. ఆ ఆరేళ్ళలో ఎక్కువ భాగం ఎదురుతిరిగిన పాళెగాళ్ళను అణచడంతోనే సరిపోయింది. ఉత్తరాలు రాసినప్పుడు సరే అన్న నాయకులందరూ, రాజయ్యాక సరే అనలేదు. నిన్నటిదాకా తమతో సమానుడు ఇవాళ శిస్తు అడిగితే ఎవరికి మింగుడుపడుతుంది? ఉదయగిరి దగ్గర కపిలేంద్రుడి కొడుకు పురుషోత్తమ గజపతికి చిక్కి, ఆ కోట వదులుకుని బయటపడాల్సి వచ్చింది.

పోయేనాటికి కొడుకులు ఇద్దరూ చిన్నవాళ్ళు. వాళ్ళనూ రాజ్యాన్నీ తుళువ నరస నాయకుడికి అప్పగించాడు. ఈయన కందుకూరు దగ్గర దోపిడీ సొమ్ము లాక్కున్న ఈశ్వర నాయకుడి కొడుకు. ఆ రోజు కాపలా లేని వాకిట్లోంచి నగరులోకి నడిచిన సేనాని కూడా ఈయనేనని చాలామంది చరిత్రకారుల అభిప్రాయం. ఆయనకు అప్పగించక ఇంకెవరికి అప్పగిస్తాడు? సమర్థుడు, ఇంటి మనిషి, రెండు తరాల కొలువు. పెద్దకొడుకు ఆ ఏడాదే హత్యకు గురయ్యాడు. రెండోవాడు ఇమ్మడి నరసింహుడికి పట్టం కట్టి, పెనుగొండలో కాపలా మధ్య ఉంచి, నరస నాయకుడు 1503లో పోయేదాకా తానే ఏలాడు. 1505లో ఇమ్మడి నరసింహుడు హతుడయ్యాడు. నరస నాయకుడి పెద్దకొడుకు వీరనరసింహుడు గద్దె ఎక్కాడు. 1509లో ఆయన తమ్ముడు శ్రీకృష్ణదేవరాయలు.

ఈ చిక్కును ఒకచోట విప్పుకున్నారు. క్రీ.శ. 960లో చైనాలో ఝావో కుయాంగ్‌యిన్ అనే సేనానికి తోటి సేనానులే పసుపు రాజవస్త్రం కప్పి చక్రవర్తిని చేశారు. మరుసటి ఏడాది ఆయన వాళ్ళందరినీ విందుకు పిలిచాడు. రేపు మీ కిందివాళ్ళు మీకూ ఇలాగే వస్త్రం కప్పితే మీరు మాత్రం వద్దనగలరా అని అడిగి, భూములు, ధనం ఇచ్చి, సైన్యాల పెత్తనం వదులుకునేలా చేశాడు. ఆ సోంగ్ వంశం మూడు వందల ఏళ్ళు నిలిచింది. నరసింహుడు ఎందుకు అలా చేయలేకపోయాడు? ఝావో సైనికులకు జీతం రాజధాని నుంచి వెళ్ళేది, సేనానిని మార్చినా సైన్యం నిలుస్తుంది. ఇక్కడ నాయకుణ్ణి తీసేస్తే అతని ఊళ్ళు, శిస్తు, సైన్యం అన్నీ అతనితోనే పోతాయి. ఉత్తరాన గజపతి, పైన సుల్తాను కాచుకుని ఉండగా ఏ రాజైనా ఆ పని చేయగలడా? మళ్ళీ మా మేస్త్రీ కొడుకు ప్రశ్న దగ్గరికే వచ్చాం. తుళువలూ ఆ పద్ధతి మార్చలేదు. 1542 తరవాత అళియ రామరాయలు సదాశివరాయల్ని పేరుకు రాజుగా ఉంచి ఏలాడు. తళ్ళికోట ఓటమి తరవాత, 1570లో రామరాయల తమ్ముడు తిరుమలరాయలు పెనుగొండలో పట్టాభిషేకం చేసుకోవడంతో అరవీటి వంశం వచ్చింది.

పరీక్ష విషయం రెండు మాటలు. నేను దిద్దిన పేపర్లలో సగానికి సగం మార్కులు పోయేది అభిప్రాయాల దగ్గర కాదు, పేర్ల దగ్గర. సాళువ నరసింహుడు గద్దె లాక్కున్నవాడు. ఇమ్మడి నరసింహుడు ఆయన కొడుకు. నరస నాయకుడు తుళువ వంశస్థుడు, ఏలాడు గానీ పట్టం కట్టుకోలేదు. వీరనరసింహుడు నరస నాయకుడి కొడుకు, పట్టం కట్టుకున్న మొదటి తుళువ రాజు. మీ ప్రశ్న చివర "1505లో నరస నాయకుడు రాజయ్యాడు కదా" అని రాశారు, అది సరిచేసుకోండి. అప్పటికి ఆయన చనిపోయి రెండేళ్ళు. కృష్ణరాయల మంత్రి సాళువ తిమ్మరుసు ఇంటిపేరు చూసి ఆయన్ని ఈ రాజవంశంలో కలిపేస్తుంటారు. తిమ్మరుసు బ్రాహ్మణుడు, ఈ కుటుంబం కాదు. జవాబు మొదటి పేరాలోనే "ఆక్రమణ" అన్న మాట వాడి, రెండో పేరాలో అమరనాయక పద్ధతి, మూడో పేరాలో గుర్రాలు, కోటలు రాయండి. "ద్రోహి", "దేశభక్తుడు" లాంటి మాటలు వద్దు, ఆ కాలం మనుషులకు ఆ కొలతలు సరిపోవు.

టైమ్ దొరికితే కొండపల్లితోపాటు కొండవీడు కూడా చూడండి. గుంటూరు నుంచి పాతిక కిలోమీటర్లు ఉండదేమో, ఇప్పుడు ఘాట్ రోడ్డు పడింది కాబట్టి పైదాకా బండి వెళ్తుంది. నేను పిల్లల్ని తీసుకెళ్ళిన రోజుల్లో నడిచే ఎక్కేవాళ్ళం. పైన చెరువు గట్టున కూర్చోబెట్టి, డబ్బాల్లో పులిహోర తింటుండగా, నరసింహుడి చివరి కోరిక గురించి చెప్పేవాణ్ణి. తాను తిరిగి గెలవలేకపోయిన మూడు కోటలు ఉన్నాయని, తన తరవాత వచ్చేవాళ్ళు వాటిని పట్టుకోవాలని ఆయన కోరాడని నూనిజ్ రాశాడు. రాయచూరు, ఉదయగిరి, మూడోదాని పేరు పోర్చుగీసు నోట నలిగి వచ్చింది గానీ, అది ఈ కొండవీడే అంటారు. కృష్ణదేవరాయలు 1514లో ఉదయగిరి, 1515 జూన్‌లో కొండవీడు, 1520లో రాయచూరు తీసుకున్నాడు. కొండవీడు కోటలో అప్పటి గజపతి కొడుకు వీరభద్రుడు బందీగా దొరికాడు. నరసింహుడి సొంత కొడుకులు ఇద్దరూ అప్పటికే హతులు. ఆయన కోరిన మూడు కోటలూ గెలిచింది నరస నాయకుడి కొడుకు.